వెనక్కి నడిచే వీధి

ఆ టైలరుకు ఒక జబ్బుంది. దానికి మందు లేదు, నొప్పి లేదు, పైకి కనిపించదు. ఏ సరదా అయినా తానొక్కడే చేస్తున్నంతకాలం దాని మీద ప్రాణం పెడతాడు. అదే సరదా నలుగురికీ అంటుకుందంటే ఆయనకు ఆ పూటే దిగిపోతుంది. మూడో మనిషి దాకా పళ్లు బిగించి ఓర్చుకుంటాడు. నాలుగోవాడు మొదలుపెట్టిన రోజున చేతులు దులుపుకుని లేస్తాడు.

కుర్రతనంలో మౌతార్గన్ నేర్చుకున్నాడు. ఎంత బాగా వాయించేవాడంటే, ఆయన చెప్పిన ప్రకారం, కదిలిన రైలు కూడా ఆ పాట పూర్తయ్యేదాకా ప్లాట్‌ఫారం చివర ఆగి, అప్పుడు కూత వేసి వెళ్లేదట. తర్వాత వీధిలో ఆరుగురు కుర్రాళ్లు మౌతార్గన్లు కొనుక్కున్నారు. మర్నాడు ఆయన మౌతార్గన్ దారపు ఉండల డబ్బాలో అడుక్కి చేరింది. పెళ్లయ్యాక డాబా మీద గులాబీలు పెంచాడు. ఒక్కో పువ్వు ఎంతుండేదంటే, వాన వస్తే వీధిలో పిల్లులన్నీ వాటి కిందికి చేరేవి. ఇదీ ఆయన లెక్కే, పిల్లులను అడిగినవాళ్లు లేరు. పక్కింటి డాబా మీద, ఎదురింటి డాబా మీద, ఆఖరికి పోస్టాఫీసు గోడ మీద కూడా గులాబీ తొట్లు లేచేసరికి ఈయన తన తొట్లు బోర్లించేసి వాటి మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు.

పని దగ్గరా అదే వరస. ఒకసారి చొక్కా కాలరుకు కొత్త రకం మడత పెట్టాడు. మెడ పొట్టివాడికి కూడా మెడ ఉన్నట్టు కనిపించే మడత. జనం ఎగబడ్డారు. ఇంకో టైలరైతే ఆ కాలరు మీదే మేడ కట్టుకునేవాడు. ఈయన మాత్రం నెల తిరక్కుండా కొట్టు ముందు అట్ట వేలాడదీశాడు: ‘ఆ కాలరు ఇక్కడ కుట్టబడదు.’

“ఈయనకు జ్వరం వచ్చినా ఒక్కరికే రావాలి,” అనేది భార్య, కాజాలు కుడుతూ, వచ్చిన ఖాతాదారుల ముందే. “వీధిలో ఇంకొకళ్లకు వచ్చిందని తెలిస్తే చాలు, ఒళ్లు చల్లబడిపోతుంది. నా అదృష్టం బాగుండి అప్పట్లో నన్ను చూడ్డానికి ఇంకెవరూ రాలేదు. ఇంకో సంబంధం వచ్చి ఉంటే ఈయన కాఫీ తాగి లేచి వెళ్లిపోయేవారు.”

“వచ్చినవాళ్లు నీ నోరు విని గుమ్మంలోంచే తిరిగిపోయారే,” అనేవాడాయన కత్తెర ఆపకుండా. “నాకు చెవులు మందం, ఉండిపోయాను.”

ముప్పై ఏడేళ్లుగా ఆ ముందుగదిలో ఇదే మాటల కుట్టు. ఆయన కత్తిరించి మిషను మీద కుట్టడం, ఆవిడ కాజాలు, గుండీలు, అంచు మడిచి చేతికుట్టు. గది వెనకాలే ఇల్లు. అలాంటిది ఒక ఉదయం ఆవిడ గుండీ కుడుతూ సూది కింద పడేసుకుంది. తీసుకోవడానికి వంగింది, లేవలేకపోయింది. ఎడమవైపు చెయ్యీ కాలూ మాట వినడం మానేశాయి.

ఆసుపత్రిలో చెయ్యి కొంచెం తిరిగొచ్చింది. కాలు మాత్రం బెట్టు చేసింది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ టైలరును పక్కకు పిలిచి చెప్పింది.

“మూడు నెలలు, రోజూ నడిపించండి. ఒక్క పూట మానకండి. నడిస్తే కాలు ఆవిడదవుతుంది. మానితే కుర్చీదవుతుంది.”

ఆ కుర్చీ అప్పటికే పక్కన ఉంది, చక్రాలతో, కొత్త రెగ్జిన్ వాసనతో. టైలరు దాన్ని ఇంటికి తెచ్చాడు గానీ దాని మొహం చూడకుండా మూలకు తిప్పి పెట్టాడు.

నడిపించడం చెప్పినంత తేలిక కాలేదు. నాలుగు కాళ్ల స్టాండు ఇచ్చారు, ఆవిడ దాన్ని పట్టుకుని నిలబడేది, కాలు కదిలేది కాదు. పక్కన నిలబడి భుజం పట్టుకున్నాడు, కదల్లేదు. వెనకనుంచి నడుం పట్టుకున్నాడు, ఇంకా బిగుసుకుపోయింది.

“నేల చూస్తే నేలే లేచి మీదికొస్తున్నట్టుందండీ,” అంది.

“నేల చూడకు.”

“మరేం చూడను? గోడనా?”

ఆయన తిరిగి ఆవిడకు ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. “నా మొహం చూడు. ఏముంది, ముప్పై ఏడేళ్లుగా చూసిందేగా.”

ఆవిడ చూసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఊరికే వేయలేదు, నోరు కూడా తెరిచాడు. తన మేనమామ ఒకాయన ఎంత సన్నంగా ఉండేవాడంటే, ప్యాంటు కొలత తీసుకోవడానికి నిలబెడితే టేపును పట్టుకుని ఆయన్ను వదిలేశానని చెప్పాడు. ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన క్షణాన బెట్టు చేస్తున్న కాలు తనకు తెలియకుండానే ముందుకు జరిగింది. ఒక చెప్పు వెడల్పు. అంతే.

అంతే గానీ, ఆయనకు ఆ చెప్పు వెడల్పు ముందు ఆ కాలరూ, ఆ గులాబీలూ, ఆగిన రైలూ అన్నీ దిగదుడుపే.

వారం తిరిగేసరికి గది దాటారు. రెండో వారం గుమ్మం దాటి వీధిలో పడ్డారు. ఆయన వెనక్కి, ఆవిడ ముందుకు, మధ్యలో నాలుగు చేతులు. వీధి కొంచెం ఏటవాలు. గుమ్మం నుంచి లాండ్రీ దాకా, లాండ్రీ నుంచి పోస్టుడబ్బా దాకా. మలుపులో ఉన్న బేకరీ దాకా మాత్రం ఇంకా వెళ్లలేదు. ఎక్కడ మూత లేచిన కాలువ ఉందో, ఎక్కడ సిమెంటు పగిలిందో ఆయన మడమలకు కంఠతా వచ్చేసింది. రోజుకో అబద్ధం తయారుచేసుకుని వచ్చేవాడు. కుట్టుపని చేస్తూ చేస్తూ మధ్యలో ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు తనలో తాను నవ్వుకునేవాడు. అది మర్నాటి సరుకు.

ఇంతవరకు బాగానే ఉంది. తప్పంతా ఆ తర్వాత ఆయన నోటిదే.

కొట్టుకు వచ్చిన లాండ్రీ ఆయన ఒకరోజు కన్ను గీటాడు. “ఏంటి మాస్టరూ, ఈ వయసులో నడివీధిలో చేతులు చేతులు పట్టుకుని! సినిమా ఏమైనా తీస్తున్నారా?”

కొట్టులో ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ నవ్వారు. టైలరు జన్మలో భార్యను పొగిడినవాడు కాడు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చినవాడు. ‘ఆవిడ నా మొహం చూస్తేనే నడుస్తుంది’ అన్న మాట నలుగురిలో చెప్పడం కన్నా టేపు మింగడం ఆయనకు తేలిక.

“సినిమా లేదు, ఏమీ లేదు,” అన్నాడు బట్ట మీద సుద్దగీత గీస్తూ, మొహంలో ఏమీ కనపడనీయకుండా. “అది నా మోకాళ్లకు. నలభై ఏళ్లు మిషను తొక్కిన మోకాళ్లు. వెనక్కి నడిస్తే అరిగిందంతా తిరిగొస్తుందట. పెద్ద పెద్ద దేశాల్లో డాక్టర్లే నడుస్తున్నారు, పేషెంట్లను వదిలేసి.”

“మరి ఆవిడ చేతులెందుకు పట్టుకోవడం?”

“చేతులు ముందుకు చాపితేనే రక్తం మడమల్లోకి దిగేది. ఎలాగూ చాపాను కదా అని ఆవిడ పట్టుకుంది.”

“ఎన్నాళ్లకు గుణం కనిపించింది?”

ఇక్కడన్నా ఆపి ఉండాల్సింది. కానీ అబద్ధం మంచి ఊపులో ఉన్నప్పుడు ఆపడం ఆయన వల్ల అయ్యే పని కాదు. “తొమ్మిదో రోజుకు. మొన్న బస్సు తప్పిపోతే వెనకాల పరిగెత్తాను. బస్సును దాటిపోయాను. డ్రైవరే తనను ఎక్కించుకోమని నన్ను అడిగాడు.”

మర్నాడు పొద్దున లాండ్రీ ఆయన తన కొట్టు ముందు వెనక్కి నడుస్తూ కనిపించాడు. రెండు చేతులూ ముందుకు చాపి, ఖాళీ గాలిని పట్టుకుని. టైలరు భార్య చూసి, “ఆయనకేమైందండీ?” అంది. “ఏమో, ఇస్త్రీ పెట్టె వేడి తలకెక్కి ఉంటుంది,” అన్నాడాయన.

రెండోరోజు లెక్కల టీచరు దిగింది. రిటైరై ఐదేళ్లయినా ఆవిడ చేతిలో సుద్దముక్క ఉన్నట్టే ఉంటుంది. ఆవిడ అడుగులు పైకే లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచింది. మూడోరోజు సాక్షాత్తూ టైలరు బావమరిదే వచ్చాడు, మలుపులో బేకరీ నడిపేవాడు. పొద్దున్నే మొదటి వాయి రొట్టెలు దింపి, చొక్కా మీద పిండితోనే వచ్చాడు.

“నువ్వెందుకురా?” అన్నాడు టైలరు.

“ఏం బావా, మోకాళ్లు నీకేనా? పొయ్యి ముందు నిలబడీ నిలబడీ నావీ పోయాయి. అయినా ఇంత గొప్ప వైద్యం సొంత బావమరిదికి చెప్పకుండా లాండ్రీవాడికి చెప్తావా? అక్కా, చూశావా నీ మొగుడి పనులు!”

అక్క నవ్వింది. కాలు చక్కగా ఒక అడుగు పడింది. అందుకని టైలరు నోరు మూసుకున్నాడు.

నాలుగో మనిషి వచ్చాడు. ఐదు, పది. నెల తిరిగేసరికి అదొక వేలంవెర్రి. పొద్దున్న ఆరున్నరకు వీధంతా వెనక్కి నడిచేది. అందరి చేతులూ ముందుకు చాపి ఉండేవి, ఎవరో కనపడనివాళ్లను బతిమాలుకుంటున్నట్టు. కొత్తగా చూసినవాళ్లు ఆ వీధికి ఏదో అయిందనుకుని పక్కవీధిలోంచి తిరిగి వెళ్లేవాళ్లు. ఆరడుగుల మనిషి ఒకాయన రోజూ పోస్టుడబ్బాకు గుద్దుకుని దానికే ‘సారీ అండీ’ అనేవాడు. అబద్ధం కూడా టైలరు చేతిలోంచి జారిపోయి సొంతంగా బతకడం మొదలుపెట్టింది. వెనక్కి నడిస్తే బట్టతల మీద వెంట్రుకలొస్తాయని, చత్వారం పోతుందని, ఒకావిడకైతే పాత పళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయని చెప్పుకున్నారు. ఆ మాటలు టైలరు కొట్టులోనే టైలరుకే చెప్పారు. ఆయన విని, ‘ఇది నేను చెప్పిందానికన్నా బాగుంది’ అని లోపల కుళ్లుకున్నాడు.

ఆవిడ కోసం అన్నాళ్లూ అణచిపెట్టుకున్న ఆయన పాత జబ్బు అప్పుడే తిరగబెట్టింది.

ముందు మడమల్లో మొదలైంది. పొద్దున్న చెప్పులు తొడుక్కోబోతే కాళ్లు బరువయ్యేవి. వీధిలో చేతులు చాపిన గుంపు కనిపించగానే తాను కూడా వాళ్లలో ఒకడైపోయినట్టు, తన చేతులు కూడా ఖాళీ చేతులే అయినట్టు చిరాకు పుట్టేది. చెప్పాల్సిన అబద్ధం సగంలో ఆరిపోయేది. ఆరింటికే ఆవిడను బయల్దేరదీశాడు. ‘మాస్టరు ఆరింటికి నడుస్తున్నారట, ఆ గాలిలోనే ఉందట గుణం’ అని గుంపు ఆరింటికే వచ్చింది. పక్కకు నడిచి చూశాడు, ఎండ్రకాయలాగా. ఆవిడ తూలి గోడ పట్టుకుంది. ఆ పిచ్చిపని మళ్లీ చేయలేదు.

ఆఖరి దెబ్బ బావమరిది కొట్టాడు. గుంపుకు సంఘం పెట్టాడు. వెనక నడకల సంఘం. తనే అధ్యక్షుడు. ఒక మధ్యాహ్నం తెల్లబట్ట తాను భుజాన వేసుకుని కొట్టులోకి వచ్చాడు.

“నలభై మూడు చొక్కాలు బావా. సంఘం పేరు వీపు మీద రావాలి.”

“వీపు మీదెందుకు?”

“మేం పోయేది వీపు వైపుకే కదా! ఎదురొచ్చేవాళ్లకు కనిపించేది వీపే. అధ్యక్షుడినయ్యాక ఇలాంటివి ఆలోచించాలి మరి. కాలరు మాత్రం నీ పాత కాలరు పెట్టు, ఆ మెడ కనిపించేది.”

టైలరు ఆ తాను వైపు చూశాడు. ఒళ్లు మండింది. ఒళ్లంతా మండి, ఆ తర్వాత మొత్తం చల్లబడిపోయింది. గులాబీలప్పుడు చల్లబడ్డట్టే.

మర్నాడు పొద్దున్న, “మడమ నొప్పిగా ఉందే,” అన్నాడు మంచం మీద నుంచే.

భార్య ఆయన మడమ వైపు చూడలేదు. మొహం వైపు చూసింది. “సరేలెండి, రేపు చూద్దాం,” అంది.

ఆ రేపూ మడమ నొప్పే. ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. తిట్టే మనిషి తిట్టకపోతే ఇంట్లో గడియారం చప్పుడు పెద్దదవుతుంది. టైలరు చొక్కాలు కత్తిరిస్తూ కూర్చున్నాడు. వెనకగదిలో ఆవిడ స్టాండు పట్టుకుని మంచినీళ్ల కోసం వెళ్తోంది. ఎడమ చెప్పు నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. సర్ర్... ఆగింది. సర్ర్... మొన్నటిదాకా ఆ చప్పుడు లేదు. కాలు లేచి పడేది. రెండు రోజులకే కాలు మళ్లీ బెట్టుకు దిగింది. మూడు నెలల గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. మూల నుంచి చక్రాల కుర్చీ, మొహం గోడకున్నా, ఆయన్నే చూస్తున్నట్టుంది.

‘రేపు లేస్తాను’ అనుకున్నాడు. మనసారా అనుకున్నాడు. కానీ ఆ గుంపును తలుచుకునేసరికి కాళ్లు చచ్చుబడ్డాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. ముప్పై ఏడేళ్లు కాజాలు కుట్టిన మనిషి ఒకవైపు, నలుగురూ చేసింది చేయలేని తన పాడుబుద్ధి ఒకవైపు. ఇందులో ఎటు మొగ్గాలో కూడా ఆలోచించుకోవాలా? ఆలోచిస్తూనే, ఆ మొహం ఆవిడకు చూపించలేక, మిషను మీద వంగిపోయాడు.

మూడోరోజు తెల్లవారి లేచేసరికి మంచం అవతలి సగం ఖాళీగా ఉంది. స్టాండు గోడకు ఆనించి ఉంది. పెరటి తలుపు తీసి ఉంది.

ఆయన చెప్పులు లేకుండా పరిగెత్తాడు. పెరటి సందులోంచి తిరిగి వీధిలోకి వచ్చి అక్కడే ఆగిపోయాడు.

ఆవిడ లాండ్రీ దాటి నడుస్తోంది. ఎదురుగా లాండ్రీ ఆయన, వెనక్కి అడుగులేస్తూ, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని. ఆయన ఏదో చెబుతున్నాడు, ఆవిడ నవ్వుతోంది. అక్కడికి పదడుగుల దూరంలో లెక్కల టీచరు చేతులు చాపి సిద్ధంగా నిలబడి ఉంది. లాండ్రీ ఆయన అక్కడిదాకా వచ్చి, జాగ్రత్తగా, వేడి గిన్నె అందించినట్టు, ఆవిడ చేతులను టీచరు చేతుల్లో పెట్టాడు. “పదిహేడు, పద్దెనిమిది,” అంటూ టీచరు వెనక్కి కదిలింది. టీచరు వెనకాల ఆరడుగులాయన. ఆయన వెనకాల ఇంకొకరు. ఆ చాపిన చేతులు వరసగా మలుపు దాకా ఉన్నాయి. నెల రోజులుగా గాలిని పట్టుకుని అలవాటైన చేతులు. ఎంత ఎత్తులో ఉండాలో, ఎంత దూరంలో ఉండాలో వాటికి బాగా తెలుసు. టైలరే నేర్పాడు, తెలియక.

ఇంకొకటి కూడా ఆయన అప్పుడే గమనించాడు. ఇన్నాళ్లూ ఆవిడను నడిపించాడే గానీ, ఆవిడ నడవడం చూడలేదు. ఎదురుగా, చేతిదూరంలో, ఎప్పుడూ మొహమే. ఇప్పుడు వెనకనుంచి మొత్తం మనిషి కనిపిస్తోంది. ఎడమ భుజం కొంచెం ఎత్తుతోంది, తుంటి కొంచెం తిప్పుతోంది, మడమ లేస్తోంది, కాలు పడుతోంది. కుట్టిన చొక్కా మొదటిసారి మనిషి ఒంటి మీద చూసినప్పుడు ఆయన ఇలాగే రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఇప్పుడూ అలాగే నిలబడ్డాడు. కళ్లు మసకబారాయి. తుడుచుకుంటే ఆ నాలుగడుగులు చూడకుండా పోతానేమోనని తుడుచుకోలేదు.

పోస్టుడబ్బా దగ్గర ఆరడుగులాయన మామూలుగా గుద్దుకోబోయాడు. పక్కనున్న ఇద్దరు చటుక్కున తమ వీపులు అడ్డం పెట్టారు. ఆవిడ చేతులు కదలనైనా లేదు.

టైలరు ఎప్పుడూ ఆవిడను పోస్టుడబ్బా దాటించలేదు. ఆ రోజు ఆవిడ బేకరీ దాకా నడిచింది. ఆఖరి ముక్క తమ్ముడు పట్టుకున్నాడు. బేకరీ మెట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎప్పుడూ అధ్యక్షుడి హోదాలో ఉండేవాడు చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకుని లోపలికి పోయి, వేడి రొట్టె ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

టైలరు ఉత్తకాళ్లతో, బనీనుతో అక్కడికి చేరాడు.

“మడమ ఎలా ఉందండీ?” అంది భార్య, రొట్టె తుంచుతూ.

ఆయన తల దించుకున్నాడు.

“నేనే కబురు పెట్టాను తమ్ముడికి,” అందావిడ. “మీ బావకు విసుగొచ్చిందిరా, ఆయన తప్పు కాదు, ఆయన మిషను అలా తయారైంది, నువ్వు నీ మనుషుల్ని తీసుకురా అన్నాను. అంతే. వీళ్లంతా ఒక్క మాట అడగలేదు. అయిదున్నరకే వచ్చి నిలబడ్డారు.”

టైలరు ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. నలభై ముగ్గురూ ఉన్నారు. ఆయన జీవితంలో నిజం చెప్పాల్సిన అవసరం తరచుగా పడలేదు కాబట్టి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

“నా మోకాళ్లకు ఎప్పుడూ ఏమీ లేదండీ,” అన్నాడు. “వెనక్కి నడవడం వైద్యం కాదు, ఏమీ కాదు. ఆవిడకు నేల చూస్తే భయం. నా మొహం చూస్తే నడిచేది. ఆ మాట మీకు చెప్పడానికి సిగ్గేసి అంత పెద్ద అబద్ధం చెప్పాను. రక్తం మడమల్లోకి దిగడం కూడా అబద్ధమే. నా అబద్ధం పట్టుకుని మీరు నెల రోజులు నడిచారు. నన్ను... నాకు మీ అందరికీ...” రెండు చేతులూ జోడించాడు.

ముందుగా లాండ్రీ ఆయన గొంతు సవరించుకున్నాడు.

“అబద్ధమా? మరి నా మోకాళ్లు తగ్గాయే?”

“నాకూ తగ్గాయి,” అన్నాడు ఆరడుగులాయన. “నిన్న గంటసేపు క్యూలో నిలబడ్డాను, నొప్పి అన్న మాటే లేదు.”

“మీరు ఆ మాట మళ్లీ అనకండి మాస్టరూ,” అంది లెక్కల టీచరు కఠినంగా. “అబద్ధమని తెలిస్తే నా నొప్పి తిరిగొస్తుంది. నేను విననట్టే ఉంటాను.”

“నేనూ వినలేదు,” అన్నాడు లాండ్రీ ఆయన.

“ఎవరూ వినలేదు,” అన్నాడు బావమరిది, అధ్యక్షుడి గొంతుతో. “బావా, నువ్వు పెళ్లిలో నాకు సైకిలు కొనిస్తానన్నావు చూడు, అదొక్కటే అబద్ధం. మిగతావన్నీ ఒప్పుకుంటాం.”

ఎవరో పకపకా నవ్వారు. తర్వాత అందరూ. టైలరు కూడా నవ్వబోయి ఏడ్చేశాడు, పదిమందిలో, కుళాయి చప్పుడు లేకుండా. బావమరిది పిండి చేతులతోనే ఆయన భుజం పట్టుకున్నాడు. బనీను మీద అయిదు వేళ్లూ పడ్డాయి. ఇంటికొచ్చాక కూడా టైలరు ఆ బనీను విప్పి ఉతుక్కి వేయడానికి వెనకాడాడు. ఆ సాయంత్రం దాకా దానితోనే తిరిగాడు, కొట్టుకొచ్చినవాళ్లంతా ‘భుజం మీద పిండి మాస్టరూ’ అని చెప్తుంటే ‘తెలుసండీ’ అంటూ.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో ఆయన ఇప్పటికీ కథలు కథలుగా చెబుతాడు. తన మేనమామ కథలన్నీ ఆవిడ వీధికి చెప్పేసిందని, ఆరడుగులాయన ఆ మేనమామకు ఒక కొత్త మరణం కూడా కల్పించాడని, అది తన కథకన్నా బాగుందని ఒప్పుకుంటాడు. ఈసారి కుళ్లుకోకుండా. డాక్టరమ్మ ఇచ్చిన గడువు రోజున ఆవిడ చేతికర్ర ఒక్కదాన్ని పట్టుకుని ఆసుపత్రి వరండా అంతా నడిచింది. చక్రాల కుర్చీని అక్కడే ఇచ్చేసి వచ్చారు. అవసరమైన వాళ్లకు ఇవ్వండమ్మా, రెగ్జిన్ ఇంకా కొత్తదే, అన్నాడు టైలరు. ఆ రెగ్జినును జన్మలో మొదటిసారి ప్రేమగా తట్టాడు.

కానీ అసలు సంగతి బేకరీ దగ్గర ఏడ్చిన మర్నాటి పొద్దున్నది.

ఆయన అయిదున్నరకే తయారై గుమ్మంలో నిలబడి చేతులు చాపాడు. ఆవిడ ఆయన్ను పక్కకు జరగమంది. గుమ్మం దగ్గర మొదటి ముక్క లాండ్రీ ఆయనదట. వరస టీచరు రాసింది, మార్చడానికి లేదు. టైలరు ముక్క పోస్టుడబ్బా తర్వాత, ఏటవాలు మొదలయ్యే చోట, పన్నెండు అడుగులు.

“పన్నెండేనా?” అన్నాడు.

“కొత్తగా చేరినవాళ్లకు పదే ఇస్తున్నాం,” అంది టీచరు. “మీరని రెండు కలిపాను.”

ఆయన వెళ్లి తన చోట నిలబడ్డాడు. అటు ముగ్గురు, ఇటు నలుగురు, వెనకాల ఇంకో పాతికమంది. తాను ఆ వరసలో ఎన్నోవాడో లెక్కపెట్టబోయి మానేశాడు. కాళ్లు బరువనిపించలేదు. ఎదురుచూడడం ఇంత బాగుంటుందని ఆయనకు తెలియదు. దూరంగా ఆవిడ ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి వస్తోంది. ఒక్కో మనిషి దగ్గర ఒక్కో రకంగా నవ్వుతోంది. ఇన్ని రకాలుగా నవ్వుతుందని కూడా ఆయనకు తెలియదు.

ఆరడుగులాయన వచ్చి ఆ చేతులను ఆయన చేతుల్లో పెట్టాడు. వెచ్చగా ఉన్నాయి, అంతమంది పట్టుకున్నందుకేమో. టైలరు వెనక్కి ఒక అడుగు వేశాడు. మూడు అడుగులు గడిచినా అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు. నాలుగో అడుగులో, ఎప్పుడూ అననిది, నేల వైపు కాకుండా సరిగ్గా ఆవిడ కళ్లలోకి చూసి అన్నాడు.

“నువ్వు చాలా బాగా నడుస్తున్నావే.”

ఆవిడ ఒక్క క్షణం తడబడింది. కాలు మాత్రం సరిగ్గానే పడింది.

“ఆ మాట ఇంటికెళ్లాక తీరిగ్గా చెబుదురు గానీ,” అంది. “కాస్త త్వరగా అడుగు వేయండి. మీ వెనకాల పాపం ఆయన చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు.”